లెక్క తేలని రాతిముక్కలు

నేనేం చదువుతున్నానని ఎవరైనా అడిగితే మా అమ్మ "బురద మీద పీహెచ్‌డీ సేత్తందమ్మా" అంటుంది. విన్నవాళ్ళు నా వైపు జాలిగా చూస్తారు. అదే ప్రశ్న నాన్నను అడిగితే గొంతు సవరించుకుని "ఆయిల్ వెల్స్ సైంటిస్టు" అంటాడు. అప్పుడు గౌరవంగా చూస్తారు. రెండిట్లో అమ్మ చెప్పిందే నిజానికి దగ్గర. కానీ చాలాకాలం నాకు నాన్న మాటే బాగుండేది. ఎవరి ముందైనా ఆయన అలా అంటుంటే వద్దనకుండా పక్కన నిలబడేదాన్ని.

ఆ బురద సంగతి ముందే చెప్పేస్తాను. నూనె కోసం భూమిలోకి లోతుగా బావి తొలిచేటప్పుడు రాయి ముక్కలుగా విరుగుతుంది. ఆ ముక్కల్ని ఎప్పటికప్పుడు పైకి తీసి పారేయకపోతే తొలిచే గొట్టం వాటి మధ్య ఇరుక్కుపోతుంది. అందుకని గొట్టం లోపలినుంచి చిక్కటి బురదలాంటి ద్రవాన్ని కిందికి పంపుతారు. అది అడుగున బయటికొచ్చి, గొట్టానికీ బావి గోడకూ మధ్య ఉన్న సందులోంచి రాతిముక్కల్ని మోసుకుంటూ పైకి వస్తుంది. బురద ఎంత చిక్కగా ఉంటే, ఎంత వేగంగా పోతే, బావి ఎంత వాలితే ఎన్ని ముక్కలు బయటపడతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. అసలు నూనె బావిని నేను జన్మలో చూడలేదు. నా బావులన్నీ ల్యాబులో ఒక మూల కంప్యూటర్‌లో ఉంటాయి.

జంషెడ్‌పూర్‌లో ఈ చదువేమిటని అడిగేవాళ్ళకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇక్కడ ఇనుము గురించి, కొలిమి గురించి మాట్లాడగలిగినవాళ్ళు వీధికి నలుగురుంటారు. నూనె బావి పేరెత్తేవాళ్ళు లేరు. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేస్తానని మా గైడ్ సారు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన దగ్గర ఎవరూ తీసుకోకుండా మిగిలిన సబ్జెక్టు ఇదొక్కటే. సరేనన్నాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. పెళ్ళెప్పుడని అడిగీ అడిగీ అలిసిపోయిన మావాళ్ళంతా పీహెచ్‌డీ ఎప్పుడవుతుందని అడగడం మొదలుపెట్టారు.

నాన్న ఈ ఊళ్ళోనే గోల్‌మురిలో రేకుల కార్ఖానాలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టర్ వదిలేశాక సోనారిలో చిన్న ఇల్లు తీసుకున్నాం. పెళ్ళయి అక్కయ్య వెళ్ళిపోయాక మిగిలింది అమ్మ, నాన్న, నేను. ఊళ్ళో మా తెలుగువాళ్ళ సంఘం ఒకటుంది. పండక్కీ పబ్బానికీ హాల్లో కార్యక్రమాలు జరుగుతాయి. స్టేజీ మీద ఇంజనీర్లు, మేనేజర్లు, బయటినుంచి వచ్చిన ముఖ్య అతిథి కూర్చుంటారు. నాన్న కింద ఒక పక్కన నిలబడి మైకు పనిచేస్తోందా లేదా చూస్తుంటాడు. ఆ హాలు కట్టినప్పటినుంచీ ఆయన అందులో ఉన్నాడు గానీ స్టేజీ మీద కుర్చీలో ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోవాలని ఉందని ఎప్పుడూ అనలేదు కూడా. ఉందని నాకు తెలుసు.

నా వైవా తేదీ ఖరారైందని నాన్న చెప్పగానే సంఘం సెక్రటరీ ఒక మాటన్నాడట. "అదే రోజు సాయంత్రం హాల్లో అమ్మాయికి సన్మానం పెట్టేద్దాం. తండ్రిగా మీరూ పైన కూర్చోవాలి." ఆ మాట ఇంటికొచ్చి చెబుతున్నప్పుడు నాన్న అమ్మవైపు చూడలేదు, నావైపు చూడలేదు, గోడమీద క్యాలెండర్ వైపు చూస్తూ చెప్పాడు. మర్నాడే బీరువాలోంచి కోటు తీసి ఇస్త్రీకి ఇచ్చాడు.

వైవా అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. థీసిస్ రాసి ఇచ్చాక, బయటి ఊరినుంచి ఒక పరీక్షకుడు వస్తారు. ఆయన ముందు మన పని వివరించి, ప్రశ్నలకు జవాబివ్వాలి. దానికి నోటీసు పెడతారు. "ఆసక్తి ఉన్నవారందరూ రావచ్చు" అని రాస్తారు. నిజానికి ల్యాబులో ఉన్న నలుగురు, ఇద్దరు మాస్టార్లు తప్ప ఎవరూ రారు. ఇంకో ఆనవాయితీ ఏమిటంటే ఆ రోజు నాష్తా, చాయ్ వైవా ఇచ్చేవాళ్ళే పెట్టాలి. వైవా మొదలుకాకముందే గది బయట బల్ల వేసి సమోసాలు, మిఠాయి సర్దేస్తారు. పాసవుతామో లేదో తెలియకముందే మిఠాయి తెచ్చుకోవడం మా డిపార్ట్‌మెంటులో ఎవరికీ వింతగా అనిపించదు. ఎందుకంటే అందరూ పాసవుతారు. మా సారు కూడా "బస్ ఫార్మాలిటీ హై" అన్నారు, ఉత్త లాంఛనమేనని. ఆ మాట నేనే నాన్నకు చెప్పాను.

నాన్న ఆ నోటీసును శుభలేఖలా తీసుకున్నాడు. ఫోన్‌లో ఫోటో తీసుకుని గోల్‌మురిలో పాత స్నేహితులకూ, నదికి అవతల మాంగోలో ఉన్న మావాళ్ళకూ, సంఘంలో అందరికీ పంపించాడు. "అందరూ రావచ్చని రాసే ఉన్నాది కాదేటి" అన్నాడు నేను అడ్డం పడితే. మినీ బస్సు మాట్లాడాడు. బల్ల మీదికి సమోసాలు చాలవని అమ్మ ఇద్దరు ఆడవాళ్ళను సాయం పెట్టుకుని బూందీ లడ్లు చుట్టింది. వైవాకు రెండ్రోజుల ముందు గది ఊడుస్తుంటే మంచం కింద చుట్ట చుట్టిన ఫ్లెక్సీ కనిపించింది. విప్పి చూస్తే నా ఫోటో, నా పేరు, పేరుకు ముందు డాక్టర్.

"ఇంకా అవలేదు కదా నాన్నా. అభీ సే క్యోఁ?" అన్నాను, అప్పుడే ఎందుకని.

"ఫ్లెక్సీ వోడు ఆ రోజు ఖాళీ లేడట. అందుకని ముందే కొట్టించినాను. ఫార్మాలిటీ అన్నావు కదా?"

అన్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

వైవా రోజు నేను గదిలోకి వెళ్ళేసరికి కుర్చీలన్నీ నిండి వెనక గోడకు ఆనుకుని కూడా నిలబడ్డారు. ముందు వరసలో అమ్మ పట్టుచీరలో, నాన్న కోటులో. వెనకంతా మావాళ్ళే. మా డిపార్ట్‌మెంటు వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత చదువూ చదివి, ఊరేగింపుతో వచ్చినట్టు వచ్చానని ఆ వచ్చిన పరీక్షకుడు ఏమనుకుంటాడో అని అటు చూడకుండా కాగితాలు సర్దుకున్నాను. ఆయన మాత్రం ఏమీ అనుకున్నట్టు లేదు. బక్కపల్చటి పెద్దమనిషి. ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు పోసుకుని తాగుతూ, "అంతా మీ బంధువులా? బాగుంది" అన్నారు ఇంగ్లీషులో.

మొదటి ముప్పావుగంటా బాగానే గడిచింది. తెరమీద బావుల రంగుల బొమ్మలు చూపిస్తూ మాట్లాడాను. బురద వేగంగా పోయే చోట ఎరుపు, నెమ్మదించిన చోట నీలం. వెనకనుంచి ఎవరో ఆవిడ "రంగులు బాగున్నాయమ్మా" అనడం వినిపించింది. చివరికి నా ముఖ్యమైన ఫలితం చూపించాను. బావి బాగా వాలి ఉన్నా, బురద నెమ్మదిగానే పోతున్నా, నేను చెప్పిన చిక్కదనం ఉంటే రాతిముక్కలు దాదాపు అన్నీ బయటపడతాయి. నా థీసిస్ మొత్తం ఆ మాట మీద నిలబడి ఉంది.

పెద్దాయన నా థీసిస్ తిరగేస్తూ మెల్లిగా అడిగారు. "ఇంత వాలు బావిలో, ఇంత తక్కువ వేగంతో, ప్రయోగశాలల్లో నిజంగా చేసి చూసినవాళ్ళ బావి ఇంత శుభ్రంగా లేదే. మీది ఎలా అయింది?"

బురద చిక్కదనం వల్ల అన్నాను.

"కావచ్చు. మీరు వదిలిన ముక్కల్లో ఇన్ని బయటపడ్డాయి, ఇన్ని అడుగున పేరుకున్నాయి అని చెప్పారు. రెండూ కానివి ఏమైనా ఉన్నాయా? వాటినేం చేశారు?"

ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే నాకు మొత్తం అర్థమైపోయింది. ఎలాగో చెబుతాను. కంప్యూటర్ ఒక్కో రాతిముక్క వెంటపడి అడుగడుగునా అదెక్కడుందో చూస్తుంది. పైనుంచి బయటపడితే బయటపడిందని రాస్తుంది. అడుగున కూర్చుంటే కూర్చుందని రాస్తుంది. కొన్ని ముక్కలు మాత్రం గొట్టం వెనకాల ప్రవాహం నీరసంగా ఉన్న చోట సుడిలో పడి అక్కడక్కడే తిరుగుతుంటాయి. కంప్యూటర్ కొంతసేపు చూసి, ఇక నావల్ల కాదని వాటిని వదిలేసి "అసంపూర్ణం" అని రాస్తుంది. అవి బయటా పడలేదు, కిందా కూర్చోలేదు. బావిలోనే ఉన్నాయి. మొదట్లో నేను నిలువు బావులు మాత్రమే చేసేదాన్ని. వాటిలో ఇలాంటి ముక్కలు ఉండేవే కావు. అందుకని మొత్తంలోంచి కూర్చున్నవి తీసేస్తే మిగిలినవన్నీ బయటపడినట్టే అని ఒక్క వరస లెక్క రాసుకున్నాను. తర్వాత వాలు బావులకు వెళ్ళినప్పుడు కూడా అదే వరస వాడాను. బావి వాలేకొద్దీ సుడిలో చిక్కుకున్నవి పెరిగాయి. నా లెక్క వాటన్నిటినీ బయటపడినవాటిలో కలిపేసింది. బావి శుభ్రపడలేదు. అంతే.

"ఒకసారి ఆ ఫైలు తెరవండి" అన్నారాయన. తెరిచాను. తెరమీద, అందరి ముందు, అసంపూర్ణం అన్న మాట ఎదురుగా ఉన్న సంఖ్య బయటపడినవాటి సంఖ్య కంటే పెద్దగా ఉంది. మా సారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను ఆ సంఖ్యవైపే చూస్తూ నిలబడ్డాను. ఏళ్ళ తరబడి ఆ సంఖ్య ఆ ఫైల్లో నా కళ్ళముందే ఉంది, నేను చూడలేదు. చూడలేదని ఎవరికి చెప్పుకోను?

అప్పుడు నాన్న చప్పట్లు కొట్టాడు.

ముందు ఒక్కడే కొట్టాడు. తర్వాత అమ్మ, వెనక వరసలు, గోడకు ఆనుకున్నవాళ్ళు, గది మొత్తం. పరీక్షకుడు ఆశ్చర్యపోయి చుట్టూ చూసి, మర్యాదకి చిన్నగా నవ్వారు. ఆయన ఇంకేదో అడగబోతుంటే నాన్న లేచి నిలబడి చేతులు జోడించాడు. "సర్, నమస్తే. ఆప్ లోగ్ బాత్ కీజియే. హమ్ సబ్ బాహర్ బైఠేంగే, నాష్తా ఠండా హో రహా హై." మీరు మాట్లాడుకోండి, మేం బయట కూర్చుంటామని చెప్పి, మావాళ్ళందరినీ లేపి, పదండి పదండి అంటూ బయటికి తోలుకుపోయాడు. పీహెచ్‌డీ అంటే ఏమిటో, వైవా ఎక్కడ అయిపోతుందో కూడా తెలియని మనిషి అని మా డిపార్ట్‌మెంటువాళ్ళు అనుకునే ఉంటారు. నేనూ అదే అనుకున్నాను. ఆ నిమిషంలో నా తప్పుకంటే నాన్న చప్పట్లకే నాకు ఎక్కువ సిగ్గేసింది. ఆయన నా తండ్రి కాకపోతే బాగుండునని కూడా అనిపించింది.

తలుపు వేసుకున్నాక మిగిలింది ఎంతోసేపు పట్టలేదు. పెద్దాయన కోప్పడలేదు. పద్ధతి తప్పు కాదు, ముగింపు తప్పు అన్నారు. వాలు బావుల అధ్యాయం మొత్తం మళ్ళీ చేసి, థీసిస్ మార్చి ఇస్తే, అప్పుడు మళ్ళీ వైవా. అంతవరకూ డిగ్రీ సిఫారసు చేయలేనన్నారు. మా సారు తల ఊపారు. నేనూ ఊపాను. ఏడుపు రాలేదు, ఆయన అంత మర్యాదగా మాట్లాడుతుంటే ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు.

బయటికి వచ్చేసరికి లడ్ల పళ్ళేలు సగం ఖాళీ. ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన పెద్దావిడ ఒకరు "మా డాక్టరమ్మ" అంటూ ఒక లడ్డూ తెచ్చి నోట్లో కుక్కింది. నోరు నిండా లడ్డూ పెట్టుకుని కాలేదని ఎలా చెప్పను? నమిలాను. మింగాను. ఇంకొకరు ఇంకో ముక్క పెట్టారు. అదీ మింగాను. వాళ్ళంతా మళ్ళీ బస్సెక్కారు. అమ్మ ఖాళీ డబ్బాలతో వాళ్ళతోపాటు వెళ్ళింది. నేను నాన్న స్కూటర్ వెనక కూర్చున్నాను.

సోనారిలో నది పక్క రోడ్డు మీదికి వచ్చాక నేనే ఆపమన్నాను. అప్పటిదాకా బిగపట్టిందంతా హిందీలో బయటికొచ్చింది. నాకు కోపమొస్తే తెలుగు రాదు. "తాలీ క్యోఁ బజాయీ? కుఛ్ సమఝ్ మేఁ ఆయా థా ఆప్‌కో?" అని అరిచాను. చప్పట్లెందుకు కొట్టావు, ఏమైనా అర్థమై కొట్టావా అని, రోడ్డు మీద, కన్నతండ్రిని.

నాన్న స్కూటర్ స్టాండ్ వేశాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అంతా అర్థమయ్యిందమ్మా. కార్ఖానాలో ఇంగ్లీషోళ్ళ మాన్యువల్స్ సదివినోణ్ణి, ఆ మాత్రం తెల్దా? మిగిలిన రాళ్ళు ఎటెళ్ళాయని అడిగినాడు ఆయన. నీకాడ జవాబు లేదు. నీ మొకం సూసినాను. అందరూ నీ మొకమే సూత్తన్నారు. సప్పట్లు కొడితే అయిపోయిందనుకుంటారు, బయటికి తీసుకుపోవచ్చని కొట్టినాను."

తర్వాత ఆయనే అడిగాడు.

"ఏటన్నారు లోపల? ఫెయిలా?"

"ఫెయిల్ కాదు. మళ్ళీ చెయ్యాలి. మళ్ళీ వైవా."

"ఆర్నెల్లా?"

"ఏమో. అంతే పడుతుందేమో."

ఆయన చాలా నెమ్మదిగా, నన్ను బతిమాలుతున్నట్టు మాట్లాడాడు. "సాయంత్రం సంగతి అలగే కానిద్దాం. అవలేదని మనకి తప్ప ఎవులికీ తెల్దు. ఎలాగూ అవుద్ది కదా. ఆర్నెల్లకి అదే నిజమవుద్ది. అందరికీ సెప్పీసినాను తల్లీ."

నేను చేసిన తప్పే ఆయన చేయమంటున్నాడు. కానివాటిని అయినవాటిలో కలిపేయమంటున్నాడు. ఆ ముక్క ఆయనతో అనే ధైర్యం నాకు లేకపోయింది. చప్పట్లు ఎందుకు కొట్టాడో విన్నాక అసలు ఏ ముఖం పెట్టుకుని అనను? సరేననలేదు, వద్దనలేదు. ఊరుకున్నాను. ఆయన దాన్ని సరేనని తీసుకుని హెల్మెట్ పెట్టుకున్నాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. స్టేజీ వెనక ఫ్లెక్సీలో నేను, నా పేరు ముందు డాక్టర్. కుర్చీల్లో ప్రెసిడెంటు, సెక్రటరీ, ఒక రిటైర్డు మేనేజరు, నేను, చివర నాన్న. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. మొదట ఆయన ముఖంలో భయమే ఉంది. తర్వాత ప్రెసిడెంటు మాట్లాడుతూ "ఈ అమ్మాయిని ఇంతదాన్ని చేసిన తండ్రి" అన్నప్పుడు కింద జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు మాత్రం నాన్న అంతా మరిచిపోయాడు. కింద ముందు వరసలో కూర్చున్న అమ్మవైపు చూసి చిన్నగా తల ఎగరేశాడు. నేను చూశాను. ఆ తల ఎగరేయడం నేను చూడకపోయి ఉంటే బాగుండేది.

ప్రెసిడెంటు ఇంకా మాట్లాడుతున్నాడు. మన ఆడపిల్లల్లో మొదటి డాక్టరేట్ అన్నాడు, దేశానికి నూనె తెచ్చిపెడుతుందన్నాడు. చివరికి శాలువా విప్పి పట్టుకుని, ముందు రెండు మాటలు చెప్పమని మైకు నా చేతికిచ్చాడు. థాంక్స్ చెప్పి కూర్చుందామనే లేచాను. నిజం చెబుతున్నాను, అంతకుమించి అనుకోలేదు. మైకు నోటి దగ్గరికి వచ్చాక వేరే మాటలు వచ్చాయి.

"నాకు ఇంకా డాక్టరేట్ రాలేదు. నా లెక్కలో తప్పు దొరికింది. అంతా మళ్ళీ చెయ్యాలి. ఈ సన్మానం నాది కాదు, మాఫ్ చెయ్యండి."

అంతే అన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే నాకు హాయిగా ఉంది. పొద్దుటినుంచి గుండెలమీద ఉన్న బండ దిగిపోయినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది. కిందనుంచి ఎవరో "శభాష్, నిజం సెప్పింది పిల్ల" అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నా నిజాయితీకి నేనే మురిసిపోయాను.

ప్రెసిడెంటు చేతుల్లో శాలువా అలాగే ఉంది. నాకు కప్పలేడు, మడిచి మళ్ళీ సంచీలో పెట్టలేడు. అటూ ఇటూ చూశాడు. చివరికి మంచి మనసుతోనే అనుకుంటాను, "ఇంత నిజం చెప్పే పిల్లను పెంచిన తండ్రికి" అంటూ తీసుకెళ్ళి నాన్న భుజాలమీద కప్పేశాడు. ఫోటోలు తీసేవాడు ఫోటో తీశాడు. జనం చప్పట్లు కొట్టారు, కొట్టకపోతే బాగుండదని కొట్టిన చప్పట్లు. నాన్న తల దించుకుని కూర్చున్నాడు. శాలువా ఒక భుజంమీదినుంచి జారిపోతుంటే సర్దుకోలేదు, తీసేయనూ లేదు. వెనక ఫ్లెక్సీ, ముందు తెలిసిన మొహాలన్నీ. పొద్దున తన మినీ బస్సులో వచ్చి తన లడ్లు తిన్నవాళ్ళంతా ఇప్పుడు ఆయన్నే చూస్తున్నారు. పొద్దున నా ముఖాన్ని నలుగురి కళ్ళనుంచీ ఆయన తప్పించాడు. సాయంత్రం ఆయన ముఖాన్ని తెచ్చి అందరి ముందూ పెట్టాను నేను.

ఇంటికొచ్చాక నాన్న కోటు తీసి హ్యాంగర్‌కు తగిలించి, అన్నం తిని పడుకున్నాడు. అమ్మే గిన్నెలు సర్దుతూ అంది.

"నిజం సెప్పినావు, మంచిదే. కాదనను. కానీ ఒలే, ఆ మాటేదో స్టేజీ ఎక్కకముందు మీ నాన్నకి సెప్పొచ్చు కాదేటి? ఆయన కిందే ఉండీవోడు."

నిజాయితీకి మురిసిపోయినదాన్ని, అక్కడికక్కడే చల్లబడిపోయాను. స్కూటర్ ఆపిన చోట చెప్పి ఉండవచ్చు. హాలు మెట్లెక్కుతూ చెప్పి ఉండవచ్చు. నాన్నా, నేను పైకి రాను, నువ్వూ రాకు అని ఉండవచ్చు. ఆయన బతిమాలేవాడు, నేను కాదనవలసి వచ్చేది, ఆయన ముఖం ముడుచుకోవడం దగ్గరనుంచి చూడవలసి వచ్చేది. అది తప్పించుకోవడానికి ఊరుకున్నాను. ఒక్క మనిషికి ఒంటరిగా చెప్పలేని దాన్ని హాలు మొత్తానికి మైకులో చెప్పాను. దాన్ని జనం ధైర్యమన్నారు.

ఆ తర్వాత నాన్న సంఘానికి వెళ్ళడం మానేశాడు. అడిగితే మోకాలు నొప్పి అంటాడు. ఆ మోకాలితోనే రోజూ మార్కెట్‌కు నడిచి వెళ్ళి కూరగాయలు తెస్తాడు. దసరాకు మైకు చూసుకోవడానికి రమ్మని సెక్రటరీ ఇంటికి వచ్చి పిలిచాడు కూడా. "ఇప్పుడు కుర్రోళ్ళున్నారు కాదేటి, ఆళ్ళు సూసుకుంటారు" అన్నాడు. సెక్రటరీ చాయ్ తాగి వెళ్ళిపోయాడు. తప్పు లెక్క నాది, మొహం చాటేసింది ఆయన. నన్ను మాత్రం బజార్లో ఎవరు చూసినా పలకరిస్తున్నారు. నిజం చెప్పిన అమ్మాయినట.

నేను నా పని నేను చేసుకున్నాను. ఆ ఒక్క వరస దిద్దడానికి నిమిషం పట్టలేదు. దాని మీద కట్టిన అధ్యాయాన్ని కూలగొట్టి మళ్ళీ కట్టడానికి నెలలు పట్టాయి. సుడిలో తిరుగుతున్న ముక్కల వెంట కంప్యూటర్ ఇంకా ఎక్కువసేపు పడేలా చేశాను. వాటిలో కొన్ని నిజంగానే బయటపడ్డాయి. చాలామట్టుకు కిందికి దిగి పేరుకున్నాయి. నేను మొదట చెప్పిన చిక్కదనం వాలు బావిని శుభ్రం చేయదని తేలింది. ఇప్పుడు నా థీసిస్‌లో ఉన్న మాట అదే. అది చిన్న మాట. మావాళ్ళలో ఎవరికైనా చెబితే, దానికోసం ఇంత చదవాలా అంటారు. పెద్దాయన మాత్రం చదివి, ఇప్పుడు నమ్మగలను అని రాశారు.

రెండో వైవా వచ్చే గురువారం. నోటీసు నిన్న పెట్టారు. ఈసారి దాన్ని ఎవరికీ చూపించలేదు. ఇవాళ పొద్దున నాన్న వరండాలో పేపర్ చదువుకుంటుంటే చాయ్ తీసుకెళ్ళి ఇచ్చి, పక్కన నిలబడ్డాను. తెలుగులోనే చెప్పాలనుకుని లోపలే రెండుసార్లు అనుకుని వచ్చాను.

"నాన్నా, గురువారం వైవా. నువ్వు రావాలి. మనిద్దరమే వెళ్దాం, స్కూటర్ మీద."

ఆయన పేపర్ మడిచాడు. నావైపు చూసి నవ్వాడు కూడా. అందులో కోపం ఏమీ లేదు.

"గురువారమా? నాకా రోజు కొంచెం పనుందమ్మా. నువ్వెళ్ళి రా. ఈసారి బాగా అవుద్ది."

రిటైరై ఇన్నేళ్ళయింది. గురువారం ఆయనకు ఏ పనీ లేదు. ఇద్దరికీ తెలుసు. ఇంకొక్కసారి రమ్మని అడగడానికి నోరు తెరిచాను. అంతకంటే ముందే, నేను ఆపేలోపే, ఆయన రానన్నందుకు లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది. చాయ్ చల్లారిపోతుందని చెప్పి లోపలికి వచ్చేశాను.